"ముగ్గు ఆడపిల్లలే వేస్తారు" అంటున్నాడు మా అయిదేళ్ళ వాడు. ఈ మాట వాడికి ఎవరు నేర్పారు?

ఉప్పుటేరు (కాకినాడ)

అందరికీ నమస్కారమండి. మా బాబుకి నవంబరులో అయిదేళ్ళు నిండాయి, యూకేజీ చదువుతున్నాడు. పోయినేడు ధనుర్మాసం అంతా మా అత్తగారితో పాటు తెల్లారకుండానే లేచి వాకిట్లో కూర్చునేవాడు. ఆవిడ చుక్కలు పెడుతుంటే పక్కన వీడూ చిన్న వేళ్ళతో పిండి జారవిడుస్తూ పెట్టేవాడు. అయిదు చుక్కల ముగ్గు వంకరటింకరగా అయినా పూర్తి చేసేవాడు, అది చెరిగిపోతుందని వీధిలో సైకిళ్ళని కూడా పక్కకి వెళ్ళమనేవాడు.

ఈ ఏడు పిలిస్తే రాలేదు. "ముగ్గు ఆడపిల్లలు వేస్తారు, నేను బాయ్‌ని" అన్నాడు. నిద్ర చాలక అలా అంటున్నాడేమో అనుకున్నాను. పండక్కి మా అమ్మ వాళ్ళింట్లో బొమ్మల కొలువు దగ్గరా అదే మాట. మొన్న చెల్లి (దానికి రెండున్నరేళ్ళు) వీడి కారు తీసుకుంటే "అది బాయ్స్‌ది, నీకు వంట సామాను ఉంది కదా" అని లాక్కున్నాడు. ఆ వంట సామాను మేము కొన్నది వీడికే, మూడో పుట్టినరోజుకి.

ఇంట్లో మేమెవరమూ ఈ మాట అనలేదు. మా ఆయన ఆదివారం వంట చేస్తారు. మా మామగారు తన కంచం తనే కడుక్కుంటారు. మరి వీడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఇలాగే గట్టిపడిపోతుందా, లేక దానంతట అదే పోతుందా? వాడు ముగ్గు వేయకపోతే నష్టం లేదు గానీ, ఇష్టమైన పనిని తనే వదిలేసుకోవడం చూస్తుంటే నాకు చాలా బాధగా ఉంది.

పిల్లల_కౌన్సిలర్ (హైదరాబాద్)

ఉప్పుటేరు గారూ, ముందు టెన్షన్ పడకండి. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, "మేం నేర్పలేదు, ఎక్కడ నేర్చాడు" అనే ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. మీరు నేర్పలేదన్నది నిజమే అయి ఉంటుంది. వాడే చూసి చూసి కూడబెట్టుకున్నాడు.

రెండేళ్ళు దాటాక పిల్లలకి "నేను బాబుని", "నేను పాపని" అని చెప్పడం వస్తుంది. అప్పటికి అది ఒక పేరు లాంటిది, అంతే. అందుకే మూడేళ్ళ మగపిల్లాడు "పెద్దయ్యాక నేను అమ్మనవుతా" అంటాడు, అందులో వాడికి తప్పేం కనిపించదు. నాలుగేళ్ళ దగ్గరకి వచ్చేసరికి బాబు పెద్దయితే నాన్నే అవుతాడని తెలుస్తుంది. కానీ జుట్టు పెంచి గౌను వేస్తే ఆ బాబు పాప అయిపోతాడేమో అన్న అనుమానం ఇంకా ఉంటుంది. బట్టలు మారినా ఆట మారినా మనిషి మారడన్న సంగతి గట్టిగా పట్టుబడేది అయిదు, ఏడేళ్ళ మధ్య. ఈ మెట్లను 1966లో లారెన్స్ కోల్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడు. ఏ వయసుకి ఏది అన్న దాని మీద తర్వాతి వాళ్ళు సవరణలు చేశారు గానీ, వరుస మాత్రం మేము పిల్లల్లో రోజూ చూసేదే.

ఇప్పుడు మీ వాడు ఎక్కడున్నాడో చూడండి. తను మగపిల్లాడినని తెలుసు. అది చాలా ముఖ్యమైన విషయమని చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తే తెలుస్తోంది. కానీ అది దేని వల్ల నిలబడి ఉందో ఇంకా పూర్తిగా తెలియదు. కాబట్టి ఏ పనిలోనూ ఆ పేరు చేజారకుండా జాగ్రత్త పడుతున్నాడు. కారల్ మార్టిన్, డయాన్ రూబుల్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో పిల్లల్ని డిటెక్టివ్‌లతో పోల్చారు. ఎవరు ఏం చేస్తున్నారు, ఎవరి దగ్గర ఏ వస్తువు ఉంది అని ఆధారాలు ఏరుకుంటూ తిరుగుతారు, రెండు ఆధారాలు దొరికితే చాలు రూలు రాసేసుకుంటారు. అయిదారేళ్ళ వయసులో ఆ రూళ్ళు చాలా గట్టిగా ఉంటాయి. ఆ తర్వాత చాలామందిలో సడలుతాయి, "అబ్బాయిలు కూడా వేయొచ్చు" అనే మాట వాళ్ళ నోటే వస్తుంది.

దానంతట అదే పోతుందా అని అడిగారు. సడలడానికి ఎదురు ఆధారాలు కావాలి. అవి కూడా కంటికి కనిపించాలి, ఉపన్యాసం ఇస్తే ఆ వయసు వాళ్ళకి ఎక్కదు.

చరఖా_పట్టిన_పిల్ల (హైదరాబాద్)

పై మాట చదవగానే నా చిన్నతనం గుర్తొచ్చి రాస్తున్నాను. మాది పాతబస్తీ దగ్గర. సంక్రాంతికి మూడు రోజులూ డాబా మీదే ఉండేవాళ్ళం. అన్న గాలిపటం ఎగరేసేవాడు, నేను వెనక చరఖా (దారం చుట్టే రీలు) పట్టుకునేదాన్ని. మాంజా వదలమంటే వదలాలి, చుట్టమంటే చుట్టాలి. "ఆడపిల్లవి, నువ్వు ఎగరేయకూడదు" అని మా ఇంట్లో ఒక్కరు కూడా అనలేదు, నిజంగా అనలేదు. ఎప్పుడూ చరఖానే నా చేతిలో పెట్టారు. మేనమామ పిల్లలు వచ్చినా అబ్బాయి చేతిలో పటం, అమ్మాయి చేతిలో చరఖా. నాకు కూడా అది తప్పని ఎన్నడూ తోచలేదు, ఇరవై ఏడేళ్ళ వయసులో ఆఫీసు వాళ్ళతో ఒకసారి ఎగరేసినప్పుడు చేతికి దారం లాగుతున్న ఆ బరువు తెలిసి ఏడుపొచ్చింది.

అందుకే "మేమెవరమూ అనలేదు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి అక్కా. అనాల్సిన అవసరం ఉండదు. 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనిలో ఉన్నారని తేలింది. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది. పిల్లవాడు డిటెక్టివ్ అయితే వాడికి రోజూ కనిపించే ఆధారం ఇదే కదా.

కవలల_నాన్న (కర్నూలు)

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. నాకు కవలలు, ఒక బాబు, ఒక పాప. మేమిద్దరం చదువుకున్నవాళ్ళమే, కావాలనే ఇద్దరికీ ఒకే బొమ్మలు, ఒకే రంగు బట్టలు. ఏం జరిగిందో చెప్పమంటారా? చపాతీ కర్ర వాడి చేతికి వస్తే తుపాకీ అయ్యింది. లారీ దాని చేతికి వస్తే తువ్వాలు కప్పి నిద్రపుచ్చింది. రెండేళ్ళ లోపే ఇది. ఏ సీరియలూ చూడని వయసు. పుట్టుకతో వచ్చేది చాలా ఉంటుంది, అదంతా మనం నేర్పిందే అంటే తల్లిదండ్రుల మీద అనవసరమైన భారం వేసినట్టు అవుతుంది. ఉప్పుటేరు గారి బాబు మారాడంటే మగపిల్లల స్వభావం బయటికి వస్తోందని ఎందుకు అనుకోకూడదు?

పిల్లల_కౌన్సిలర్ (హైదరాబాద్)

కోపం ఎందుకండీ, మీరు చెప్పింది చాలా ఇళ్ళలో కనిపించేదే. శరీరానికి సంబంధం లేదని నేననను. కడుపులో ఉండగానే మగ హార్మోన్లు ఎక్కువగా తగిలే ఒక జన్యు స్థితి ఉంది, అడ్రినల్ గ్రంథికి సంబంధించినది. ఆ స్థితితో పుట్టిన ఆడపిల్లలు సగటున మిగతా ఆడపిల్లల కన్నా బళ్ళు, కట్టడపు బొమ్మల వైపు ఎక్కువ మొగ్గుతారని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. అంటే పుట్టుక వాటా ఉంది.

కానీ రెండో వాటా మనకి తెలియకుండా మన చేతుల్లోంచి వెళ్తుంది. 1976లో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ ఒక పసిబిడ్డ వీడియో చూపించారు, పెట్టెలోంచి ఎగిరొచ్చే బొమ్మని చూసి ఏడ్చే బిడ్డ. అబ్బాయి అని చెబితే చూసినవాళ్ళు ఆ ఏడుపుని కోపం అన్నారు, అమ్మాయి అని చెబితే భయం అన్నారు. బిడ్డ ఒకటే, ఏడుపు ఒకటే. 2000లో ఇంకొకటి, పదకొండు నెలల పిల్లలు ఎంత వాలు మీద పాకగలరో తల్లుల్ని ముందే ఊహించమన్నారు. మగపిల్లల తల్లులు ఎక్కువ ఊహించారు, ఆడపిల్లల తల్లులు తక్కువ ఊహించారు. తీరా పాకిస్తే ఇద్దరిలో తేడా లేదు. ఆ తల్లులు ఎవరూ వివక్ష చూపించాలనుకోలేదు, ప్రేమతోనే ఉన్నారు. అయినా "పడిపోతావు, వద్దు" అనే మాట ఒక బిడ్డకి ఎక్కువ, ఒక బిడ్డకి తక్కువ వినిపిస్తుంది.

ఇక ఉప్పుటేరు గారి బాబు సంగతి. స్వభావమే బయటికి వస్తే మొదటినుంచీ ముగ్గు ఇష్టం లేకుండా ఉండాలి. వీడికి చాలా ఇష్టం, ఇష్టమైనదాన్ని రూలు కోసం వదిలాడు. ఆ తేడా చూడండి.

తెనాలి_మాస్టారు

రిటైరయిన తెలుగు మాస్టార్ని. నాయనలారా, ఏది మగ, ఏది ఆడ అన్న గీత ఒకే చోట నిలిచి ఉండేది కాదు, నా ఎరుకలోనే చాలాసార్లు పక్కకి జరిగింది. మా అన్నదమ్ములం ముగ్గురికీ తిరపతిలో పుట్టువెంట్రుకలు తీయించక ముందు జడ వేసి, చేమంతులు పెట్టి, లంగా జాకెట్టు తొడిగి స్టూడియోలో ఫోటో తీయించారు. ఆ ఫోటోలు హాల్లో మా తాత ఫోటో పక్కనే ఉండేవి, వచ్చినవాళ్ళకి మా నాన్న గర్వంగా చూపించేవాడు. ఇవాళ మా మనవడికి అలా తీయిద్దామంటే మా కోడలు "స్కూల్లో ఏడిపిస్తారు మామయ్యా" అంది. పసిపిల్లలకి గులాబీ రంగు, నీలం రంగు అన్న భేదం మేమెరగం, ఎవరు పుట్టినా మెత్తబడిన పాత నూలు చీర చింపి చుట్టేవాళ్ళు.

ఇంకో మాట. మా తెనాలి వాళ్ళకి స్థానం నరసింహారావు గారి పేరు చెబితే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సత్యభామ వేషం కట్టి రంగం మీదికి వస్తే ఆడవాళ్ళు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవారని మా అమ్మ చెప్పేది. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిదీ అదే దారి, ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. చిన్ననాటి నుంచి నేర్చుకుంటే నడక, చూపు, తల తిప్పడం, జడ ముందుకి వేసుకోవడం అన్నీ వస్తాయి. అంటే ఇవన్నీ నేర్చుకునేవే. మన ఆడపిల్లలు కూడా అలాగే చూసి నేర్చుకున్నవే కదా. వేషం తీసేశాక ఆయన ఎవరో ఆయనకి తెలుసు, ఊరికీ తెలుసు.

డాలస్_నాన్న

మాస్టారు గారూ, ఆ రంగుల పిచ్చి ఇక్కడ చూడాలి మీరు. బిడ్డ పుట్టకముందే కేకు కోసి లోపల గులాబీ ఉందా నీలం ఉందా అని చూసుకుంటారు, మన తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ సీమంతంతో పాటు అదీ చేస్తున్నారు. బొమ్మల షాపులో రెండు వరసలు దూరం నుంచే రంగుని బట్టి తెలిసిపోతాయి, చదవడం రాని పిల్ల కూడా తన వరస ఏదో చెప్పేస్తుంది.

మా పాపకి ఆరేళ్ళు. లెక్కలు చాలా ఇష్టంగా చేసేది. మొన్న ఏదో కథ చెబుతూ "చాలా చాలా స్మార్ట్ పర్సన్" అని మొదలుపెట్టాను, వెంటనే "హి" అంటూ కథ అందుకుంది. ఎందుకు అబ్బాయి అనుకున్నావు నాన్నా అంటే భుజాలెగరేసింది. తర్వాత వెతికితే 2017లో "సైన్స్" అనే పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి కనిపించింది. అయిదేళ్ళ అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ "చాలా తెలివైన మనిషి ఎవరు" అంటే తమ వాళ్ళనే చూపించారు. ఆరేళ్ళకి వచ్చేసరికి అమ్మాయిల్లో అది తగ్గిపోయింది. "చాలా తెలివైన పిల్లల కోసం" అని చెప్పిన ఆటల మీద ఆసక్తి కూడా తగ్గింది. మార్కులు ఎవరికి బాగా వస్తాయంటే మాత్రం అమ్మాయిలకే అని అదే పిల్లలు చెప్పారు. ఒక్క ఏడాదిలో ఇంత మారిపోతుందా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేమూ ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదనే అనుకుంటున్నాం.

మాటల_మూట (రాజమండ్రి)

కొంచెం పక్కదారి అయినా చెప్పాలని ఉంది. మన తెలుగులో "వాడు వచ్చాడు", "ఆమె వచ్చింది", "కుక్క వచ్చింది". ఏకవచనంలో మగవాడికి ఒక క్రియ, మిగతా లోకానికంతటికీ ఇంకో క్రియ. వ్యాకరణంలో దాన్నే మహత్తు, అమహత్తు అంటారు. బహువచనంలోకి వస్తే మనుషులంతా "వచ్చారు", కుక్కలు "వచ్చాయి". కాబట్టి తెలుగు మాట్లాడాలంటే రెండున్నరేళ్ళ బిడ్డ ఎదుటి మనిషి మగా కాదా అన్నది ప్రతి వాక్యంలో తేల్చుకోవాలి. కానీ "నేను వచ్చాను" అనేటప్పుడు ఆ గొడవ లేదు. హిందీ, ఉర్దూలో అలా కాదు. హైదరాబాదులో అమ్మని చూసి మాట నేర్చిన మగపిల్లాడు "మై ఆతీ హూఁ" (నేను వస్తాను అని ఆడవాళ్ళు అనే తీరు, మగవాళ్ళైతే "ఆతా హూఁ") అంటాడు, అందరూ నవ్వుతారు, వాడు వెంటనే దిద్దుకుంటాడు. తన గురించి చెప్పుకునే మాటలోనే ఆ పాఠం ఉంది.

భాష ప్రభావం మీద 1982లో ఒక అధ్యయనం అచ్చయింది. హీబ్రూలో అడుగడుగునా లింగభేదం ఉంటుంది, ఫిన్నిష్‌లో దాదాపు లేనే లేదు, ఇంగ్లీషు మధ్యలో. హీబ్రూ పిల్లలు తాము ఆడా మగా అన్నది ముందుగా పట్టుకున్నారు, ఫిన్నిష్ పిల్లలు ఆలస్యంగా. చివరికి అందరూ పట్టుకుంటారనుకోండి.

మనలో నాకు ముచ్చటగా అనిపించేది, కూతుర్ని కూడా "నాన్నా", "ఏరా కన్నా" అని పిలవడం. నా కూతురికి పదహారేళ్ళు, ఇప్పటికీ "తిన్నావేరా" అనే అంటాను.

అంగన్‌వాడీ_టీచర్ (పార్వతీపురం వైపు)

నేను పెద్ద చదువులు చదవలేదు గానీ పద్దెనిమిదేళ్ళుగా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతోనే ఉన్నాను, చూసింది చెప్తాను.

మూడేళ్ళప్పుడు అందరూ అన్ని ఆటలూ ఆడతారు. వంట మూలలో మగపిల్లలే ఎక్కువ, గరిట కోసం కొట్టుకుంటారు. నాలుగు దాటాక చూస్తుండగానే గుంపులు విడిపోతాయి, ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు. మేము విడదీయం, వాళ్ళే విడిపోతారు. తర్వాత ఒకరినొకరు కాపలా కాస్తారు, "ఏయ్ నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావు" అని.

కొన్నాళ్ళ కిందట ఒక బాబు ఉండేవాడు, నాలుగేళ్ళు. రోజూ గుడ్డ బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని జో కొట్టేవాడు, ఇంట్లో తమ్ముడు పుట్టాడు, వాళ్ళమ్మని చూసి చేసేవాడు. ఓ రోజు తీసుకెళ్ళడానికి వాళ్ళ తాత వచ్చి చూసి "ఏంట్రా ఆడంగి వేషాలు" అని నవ్వాడు. తిట్టలేదు, కొట్టలేదు, నవ్వాడు అంతే. మర్నాటి నుంచి వాడు ఆ బొమ్మని ముట్టలేదు. నేను తెచ్చి ఒళ్ళో పెడితే తోసేసి నా మొహం వైపు చూశాడు, ఆ చూపు నేను మర్చిపోలేను.

ఇంకొకటి గమనించాను. చెట్టెక్కే ఆడపిల్లని "మగరాయుడు" అంటారు, అందులో కొంచెం మురిపెం ఉంటుంది. మగపిల్లాడిని "ఆడంగి" అంటే అందులో మురిపెం అస్సలు ఉండదు. పిల్లలకి ఆ గొంతులో తేడా తెలుస్తుంది. అందుకేనేమో, మగపిల్లలే ఆ గీత దాటడానికి ఎక్కువ భయపడతారు, ఆడపిల్లలు కొంచెం దాటుతారు. ఆడవాళ్ళ పని చేయడమంటే కిందకి దిగడం అని వాళ్ళకి అర్థమైపోతుంది కదా, తల్లిని చూస్తూ పెరిగే బిడ్డకి అది అర్థమవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

నేను చేసిన చిన్న మార్పు ఒకటే. వరసలో నిలబెట్టేటప్పుడు ఆడపిల్లల లైను, మగపిల్లల లైను అని పిలవడం మానేసి ఎత్తుని బట్టి నిలబెడుతున్నాను. చాప ఎత్తడానికి "బలమైన అబ్బాయిలు రండి" అనడం మానేశాను, ఈ రోజు ఎవరి వంతు అయితే వాళ్ళే ఎత్తాలి.

బోర్డు_సుద్దముక్క (జడ్పీ హైస్కూల్, ఉమ్మడి నల్గొండ)

అక్కా, మీరు ఆ లైన్ల సంగతి చెప్పారు చూడండి, హైస్కూల్లో అది గోడలా అయిపోయి ఉంటుంది. క్లాసు ఊడ్చేది అమ్మాయిలు, బెంచీలు మోసేది, బయటికెళ్ళి సుద్దముక్కలు తెచ్చేది అబ్బాయిలు. నేను కూడా ఏళ్ళ తరబడి అలాగే చేయించాను, అది గుర్తొస్తే ఇప్పుడు తప్పుగా తోస్తుంది.

పెద్దయ్యాక మారరు అనే వాళ్ళ కోసం ఒకటి రాస్తాను. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలు తీసుకుని కొన్నింటిలో ఏడో తరగతి నుంచి రెండున్నరేళ్ళ పాటు కొన్ని వారాలకొకసారి ఈ విషయాల మీద క్లాసులో చర్చలు పెట్టారు. ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, చెల్లి చదువు మానేస్తే ఏమవుతుంది, ఇలాంటివి. ఆ బడుల్లో పిల్లల అభిప్రాయాలు మారాయి, అయిపోయిన రెండేళ్ళ తర్వాత అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. అబ్బాయిలు ఇంటి పనిలో చెయ్యి వేస్తున్నామని చెప్పారు. హర్యానాలోనే జరిగింది అంటే మన దగ్గర ఎందుకు జరగదు?

కవలల_నాన్న (కర్నూలు)

అంగన్‌వాడీ అక్కా, మీ బొమ్మ సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. మా బాబు ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనేది మా ఇంట్లో రోజూ వినిపించే మాట, నేనే అంటాను. అది నేర్పడం కిందికి వస్తుందని ఇప్పటిదాకా అనుకోలేదు. పక్కనే పాప వింటూ ఉంటుంది.

అయితే ఒక ప్రశ్న ఉంది. అంతా నేర్చుకున్నదే అయితే, రేపు ఎవరైనా పిల్లాడిని ఆడపిల్లగా పెంచితే ఆడపిల్లే అయిపోతాడా?

పిల్లల_కౌన్సిలర్ (హైదరాబాద్)

అవ్వడు. దానికి చాలా బాధాకరమైన రుజువు ఉంది, అది కూడా కవలల కథే. కెనడాలో 1965లో పుట్టిన ఇద్దరు మగ కవలల్లో ఒకడికి పసితనంలో సున్తీ చేస్తుండగా ప్రమాదం జరిగింది. జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సలహాతో ఆ బిడ్డని ఆడపిల్లగా పెంచారు, పేరు, బట్టలు, బొమ్మలు, శస్త్రచికిత్స, హార్మోన్లు, అన్నీ. పెంపకంతో అంతా సరిపోయిందని ఏళ్ళ తరబడి ప్రపంచానికి చెప్పారు. ఆ బిడ్డ మాత్రం ఒక్కరోజు కూడా అందులో ఇమడలేదు. పద్నాలుగో ఏట నిజం తెలిసి మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు, డేవిడ్ రైమర్ అన్న పేరుతో తన కథ బయటికి చెప్పాడు. 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు.

అందుకే నేను తల్లిదండ్రులకి రెండింటినీ విడదీసి చెప్తాను. "నేనెవరు" అన్నది లోపలి నుంచి వచ్చే ఎరుక, దాన్ని బయటి నుంచి రుద్దితే కుదరదు. "నాలాంటివాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు" అన్నది మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకునేది.

ఓరుగల్లు_వెన్నెల

చాలా రోజుల నుంచి ఈ చర్చావేదిక చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. నేను ట్రాన్స్ మహిళని, వయసు ముప్పై నాలుగు. నన్ను అబ్బాయిగానే పెంచారు. బ్యాటు కొనిచ్చారు, జుట్టు పొట్టిగా కత్తిరించారు, ముగ్గురు అన్నల మధ్య పెరిగాను. నేర్పితేనే వచ్చేదైతే నాకు రావాలి కదా. నాలుగైదేళ్ళకే నాకు తెలుసు, చెప్పడానికి మాట తెలియదు అంతే.

బతుకమ్మ గురించి చెప్తాను. చిన్నప్పుడు నాన్నతో పోయి తంగేడు, గునుగు తెచ్చేవాణ్ణి, మా అమ్మ పేర్చేది, నేను వాళ్ళతో కలిసి చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగేదాన్ని. (చూడండి, ఒకే వాక్యంలో రెండు రకాలుగా రాశాను, దిద్దను, నా చిన్నతనం అలాగే ఉండేది.) ఆరో ఏడు వచ్చాక ఒక పెద్దమ్మ చెయ్యి పట్టి బయటికి లాగింది, "ఇగ పెద్దగైనవ్, మగపిల్లలతో పోయి నిలబడు" అంది. దూరంగా నిలబడి చూస్తుంటే ఆ ఆట నాది, నన్ను బయట పెట్టారు అనిపించింది. మీ బాబు తనే ముగ్గు వదిలేశాడు, నన్ను లాగేశారు.

మా వాళ్ళు నన్ను మార్చమని ఒక డాక్టరు దగ్గరకి, ఇద్దరు బాబాల దగ్గరకి తిప్పారు. ఆ రెండేళ్ళ గురించి ఎక్కువ రాయలేను. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో (ట్రాన్స్‌జెండర్ల హక్కుల కేసు అది) మా గుర్తింపు మేమే చెప్పుకోవచ్చని అన్న రోజు మా అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాతే నాతో మాట్లాడింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా ఇలా మార్చేస్తామనే చికిత్సని డాక్టర్లకి వృత్తిపరమైన తప్పు అని ప్రకటించింది. ఇప్పటి పిల్లల తల్లిదండ్రులైనా ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఒక్క విషయం మాత్రం కలపొద్దని మనవి. ముగ్గు వేసే బాబుని చూసి "వీడు అలాంటివాడేమో" అని భయపడొద్దు, చెట్టెక్కే పాపని చూసి అనుమానపడొద్దు. ఆటలు వేరు, నేను చెప్పేది వేరు. అలాగే మీ బిడ్డ ఏళ్ళ తరబడి, బాధపడుతూ, "నేను అబ్బాయిని కాను" అని చెబుతూనే ఉంటే, నవ్వకండి, కొట్టకండి. వినండి చాలు. నాకు ఆ వయసులో ఒక్క మనిషి విన్నా చాలుననిపించేది.

అంగన్‌వాడీ_టీచర్ (పార్వతీపురం వైపు)

వెన్నెలా, తల్లీ, రాసినందుకు చాలా సంతోషం. మా కేంద్రంలో పిల్లల్ని చూసేటప్పుడు నీ మాట గుర్తుంచుకుంటాను.

కవలల_నాన్న (కర్నూలు)

వెన్నెల గారూ, నేను ఈ విషయం మీద ఇంతకుముందు వేరేచోట కొంచెం కఠినంగా రాశాను. మీరు చదివి ఉంటే క్షమించండి.

ఉప్పుటేరు (కాకినాడ)

పది రోజులుగా రాయలేకపోయాను, అందరి పోస్టులూ మా ఆయనకీ అత్తగారికీ చదివి వినిపించాను. రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, ఫోన్లో స్కూలు వాళ్ళు పంపిన పాత మెసేజి. సంక్రాంతి సంబరాలకి "గర్ల్స్: లంగా వోణీ, రంగోలి పోటీ. బాయ్స్: పంచె, కైట్ పోటీ" అని ఉంది. నేనే చదివాను, నేనే పంచె కొన్నాను, అప్పుడు నాకేం తోచలేదు. వాడు ముగ్గు దగ్గర కూర్చుంటానని అడిగాడట, మిగతా పిల్లలు నవ్వారట. ఇది వాడిని అడిగితే చెప్పలేదు, ఒళ్ళో పడుకుని నిద్రపోయే ముందు దానంతట అదే వచ్చింది.

రెండోది చెప్పడం ఇంకా కష్టం. చరఖా అమ్మాయి "ఒక్క నిమిషం ఆగండి" అంది కాబట్టి వారం రోజులు నా మాటలు నేనే విన్నాను. భోజనాలప్పుడు మంచినీళ్ళ గ్లాసు నాన్నకి ఇచ్చిరామని పంపేది రెండున్నరేళ్ళ పాపని, పక్కనే ఉన్న బాబుని కాదు. పాపకి కొత్త గౌను వేస్తే అందరం "ఎంత ముద్దుగా ఉందో" అంటాం, వాడికి కొత్త చొక్కా వేస్తే "ఎంత పొడుగయ్యాడో" అంటాం. మా ఆయన ఆదివారం వండితే మా అత్తగారు నాతో "నీకు ఎంత సాయం చేస్తాడో చూడు" అంటారు, నేనూ అవునంటాను. నేను వారమంతా వండితే ఎవరికి సాయం చేసినట్టు?

స్కూలుకి వెళ్ళి టీచరమ్మతో మాట్లాడాను. ఆవిడ మంచిగానే విన్నారు, "అందరు పేరెంట్సూ ఒప్పుకోవాలి కదండీ" అన్నారు. వచ్చే ఏడాదికి ఎవరికి నచ్చిన పోటీలో వాళ్ళని వేయమని రాసి ఇచ్చాను, ఇంకో నలుగురు తల్లుల చేత సంతకం పెట్టించాను, ఒక నాన్న కూడా పెట్టారు. ఏమవుతుందో చూడాలి.

నిన్న రథసప్తమి. మా ఆయన ఎప్పుడూ లేనిది పిండి డబ్బా తీసుకుని వాకిట్లో రథం ముగ్గు వేయబోయారు. చక్రాలు రెండూ రెండు సైజుల్లో వచ్చాయి. బాబు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు, కిందకి దిగలేదు. "నాన్నా, నానమ్మ ముందు చుక్కలు పెడుతుంది" అన్నాడు. ఆయన చుక్కలు పెట్టమని డబ్బా చాపితే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. మేం బలవంతం చేయలేదు. పాప మాత్రం వెళ్ళి పిండిలో చెయ్యి పెట్టేసింది, వాడు "అలా కాదు, ఇలా" అని దాని వేళ్ళు పట్టి చూపించి మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.